నక్క నాటిన కొలకర్ర

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉంది. అక్కడ నేల రోజుకి రెండుసార్లు మాయమవుతుంది. పొద్దున బురద, మధ్యాహ్నం నీళ్ళు. ఊపిరాడక చెట్ల వేళ్ళే బురదలోంచి పైకి మొలుచుకొస్తాయి. అడవి మొత్తానికి ఎత్తైన చోటు ఒక్కటే, ఒక ఇసకదిబ్బ. దాని మీద అబ్బులు అనే నక్క కాపురం.

దిబ్బకి దిగువన, ఒక ముసలి మడచెట్టు మొదట్లో నూకరత్నం అనే పీత బడి నడిపేది. చిన్నపిల్లల బడి కాదు, పెద్ద చదువుల బడి. సొంతంగా వేటాడే వయసొచ్చిన కొంగలూ బావురుపిల్లులూ, నీరు తీసిన వేళ వచ్చి బురదలో కూర్చుని వినేవి. చెట్టు బెరడే వాళ్ళ పలక. ప్రతి పున్నమికీ ప్రతి అమావాస్యకీ పోటునీరు ఎంత ఎత్తుకొచ్చిందో అక్కడొక గీత ఉంటుంది. అడుగు గీతలు నూకరత్నం అమ్మమ్మవి, మధ్యవి అమ్మవి, పైవి తనవి. కిందనుంచి పైకి చూస్తే చదువు రానివాడికి కూడా భయం వేస్తుంది.

ఆ కార్తీకంలో బడికి వీరవేణి అనే నీటికుక్క కొత్తగా వచ్చింది. ఎగువన తానుండే వాగు వరసగా రెండేళ్ళు ఎండిపోతే దిగువకి వలసొచ్చిన పిల్ల. మడుగు పక్క పల్లపు గట్టులో బొరియ తవ్వుకుని ముగ్గుర్ని కన్నది. ఆ ముగ్గురికీ ఇంకా కళ్ళు తెరుచుకోలేదు.

"నీళ్ళెందుకు పెరుగుతున్నాయి అత్తా?" అని అడిగింది వీరవేణి.

"ఎండ లోపలికి వస్తోంది, వేడి బయటకి పోవట్లేదు. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూశావా? నల్లపొగ కళ్ళకి కనబడుతుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు. కనబడనిది ఇంకోటుంది, బొగ్గుపులుసు వాయువు. భూమికి కప్పిన గొంగడనుకో. మనుషులు ఏటేటా ఇంకో మడత కప్పుతున్నారు."

"గొంగడికీ సముద్రానికీ ఏం సంబంధం?" అంది కొంగ.

"వేడెక్కిన నీరు ఉబ్బుతుందే తల్లీ. పైగా చలిదేశాల్లో నేలమీద పేరుకున్న మంచు కరిగి ఇందులోకే దిగుతోంది. మన మడచెట్లు ఆ గాలిని పీల్చి బురదలో పాతేస్తాయి. ఆ మేలు చేసేవాటినే రొయ్యల చెరువుల కోసం నరికేస్తున్నారు." నూకరత్నం వీరవేణి వైపు డెక్క చాపింది. "నీకు వేరేగా చెబుతున్నాను, విను. మా అమ్మ కాలంలో నీ గట్టు మునగలేదు. ఈ గీతల ప్రకారం వచ్చే అమావాస్యకి మునుగుతుంది. గాలి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పిల్లల్ని దిబ్బ మీదకి చేర్చు."

పొద చాటున అబ్బులు అంతా విన్నాడు. దిబ్బ మీదకి ఇంకొకరు రావడం అతనికి గిట్టదు. అదీగాక, పోటు తీశాక బురదలో దొరికే మెత్తటి పిల్లలంటే అతనికి ప్రాణం.

పున్నమి వెళ్ళిన రెండోరోజు ఒక కర్ర తెచ్చి నడి బురదలో పాతాడు. "ముసలిదాని గోకుళ్ళు మనకెందుకర్రా? మీకు కళ్ళు లేవా? రోజూ వచ్చి మీరే చూసుకోండి."

చూశారు. మర్నాడు పోటునీరు కర్ర మీద ముందురోజు తడికి బెత్తెడు కిందనే ఆగింది. ఆ మర్నాడు ఇంకో బెత్తెడు కిందకి. అష్టమి వరకూ రోజూ అంతే.

"నేననట్లేదమ్మాయ్, కర్ర అంటోంది. నీళ్ళు తగ్గుతున్నాయి," అన్నాడు అబ్బులు.

వీరవేణికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆమె ఏటి పిల్ల. ఏట్లో నీరు తీయడం మొదలైతే మళ్ళీ వానలు పడేదాకా తీస్తూనే ఉంటుంది. సముద్రాన్ని కూడా ఆ కళ్ళతోనే చూసింది.

"పున్నమి నుంచి అష్టమికి నీరు ఎప్పుడూ తగ్గుతుంది అబ్బులూ!" అని అరిచింది నూకరత్నం. "పున్నమిని పున్నమితో పోల్చి చూడాలి. పున్నమి పక్కన అష్టమిని పెడతావా, సిగ్గులేదా?"

"చూశారా, చదువుకున్నోళ్ళు ఇలాగే చిక్కుముళ్ళేస్తారు. నిన్న పొద్దున చలికి అందరం గజగజా వణికాం. భూమి వేడెక్కిపోతోందంట!"

బురద అంతా నవ్వులు.

"ఒకరోజు నువ్వు మాంసం ముట్టకపోతే నిన్ను సన్యాసి అనేస్తామా?" అంది పీత. "ఒకరోజు చలి ఆ రోజు సంగతి. ముప్ఫై ఏళ్ళ లెక్క తీస్తే అది స్వభావం."

ఈసారీ నవ్వారు గానీ కాస్త తగ్గి నవ్వారు.

అష్టమి సాయంత్రమే అబ్బులు కర్ర పీకేశాడు. తేలిపోయింది కదా, ఇంకా కొలవడమెందుకన్నాడు. మర్నాటి నుంచి నీరు మళ్ళీ బెత్తెడు బెత్తెడు ఎక్కుతూ వచ్చింది. కర్ర లేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

అమావాస్య పొద్దున తూర్పుగాలి లేచింది. మడుగు రంగు మారింది. నూకరత్నం అడ్డంగా పరుగెత్తుకుంటూ బొరియ దగ్గరకి వచ్చింది. వెనకాల బడి మొత్తం వచ్చింది. దిబ్బకి పోయే దారిలో అబ్బులు కూర్చునున్నాడు.

"వాయుగుండం పడింది. మధ్యాహ్నం పోటు. లే వీరవేణీ!" అంది నూకరత్నం.

"కళ్ళు తెరవని పిల్లల్ని ఈ గాలిలో తిప్పుతావా?" అన్నాడు అబ్బులు. "చస్తారు. నీ ఇష్టం మరి. నాకేం, చెప్పడం నా ధర్మం."

వీరవేణి బొరియలోకి చూసింది, ఆకాశంకేసి చూసింది. "అత్తా, కర్ర నా కళ్ళతో చూశాను కదా..."

నూకరత్నం గీతలు చూపించింది, గొంగడి సంగతి చెప్పింది, తిట్టింది. అవేవీ ఈ తల్లిని కదిలించలేదు. ఒక్క క్షణం డెక్కలు దించి, గొంతు మార్చింది.

"సరే, నేనే ఓడిపోయాను. అబ్బులు మావ చెప్పిందే నిజం."

అందరూ నోళ్ళు తెరిచారు.

"నీళ్ళు తగ్గేవే అయితే రేపటికి ఈ మడుగు ఇంకిపోతుంది. ఇందులో జెల్ల చేపలు ఎన్నున్నాయో! అన్నీ ఒడ్డున పడి కొట్టుకుంటాయి. అంత తిండి వీరవేణి ఒక్కతికెందుకు? పాపం మావ ఆ ఎండు ఇసకలో ఏం తింటాడు? ఇద్దరూ చోట్లు మార్చుకోండి. నీళ్ళు తగ్గుతుంటే మావకి నష్టమేముంది?"

ఆ అడవిలో చోటు మార్చుకోవడమంటే మాటతో అయ్యేది కాదు. ఎవరికి వారు కొత్త చోట మూత్రం పోసి గుర్తు పెట్టుకోవాలి. పెట్టాక పున్నమి వరకూ వెనక్కి అడగకూడదు. బడి మొత్తం అబ్బుల్నే చూస్తోంది. కాదంటే కర్ర అబద్ధమవుతుంది. అవునంటే కడుపు నిండా జెల్లలు. నీళ్ళొస్తే పైకి పరిగెత్తొచ్చు, ఆడదాన్నీ పసిగుడ్లనీ తోసెయ్యడం ఎంతసేపు?

"మార్చుకుంటాను," అని బొరియ పక్కన గుర్తు పెట్టాడు.

అనేముందు ఒక్కసారి సముద్రం వైపు చూశాడు.

వీరవేణి ఆ చూపు చూసింది. ఒక పిల్లని నోట కరుచుకుని పరుగు తీసింది. మొదటిసారి దారిలో నీరు పాదాలకి తగిలింది. రెండోసారి పొట్టకి తగిలింది. మూడోపిల్ల కోసం వచ్చేసరికి బొరియ నోటికి నీళ్ళందుకున్నాయి. లోపలికి దూరింది. నురగ లేచింది గానీ ఆమె రాలేదు. ఇంకో అల వచ్చి పోయాక, నీళ్ళ మీద ముందు పిల్ల తల, వెనక తల్లి మీసాలు తేలాయి.

అబ్బులు మాత్రం జెల్లల మీద పడ్డాడు. తల ఎత్తేసరికి చుట్టూ నేల లేదు. ఈదుకుంటూ దిబ్బ అంచుకి చేరాడు. అక్కడ వీరవేణి పళ్ళు బయటపెట్టి నిలబడుంది. ఇరుపక్కలా నాలుగు బావురుపిల్లులు.

"జరగండర్రా! మునిగిపోతున్నాను!"

"దేనిలో మావా?" అంది వీరవేణి.

"నీళ్ళల్లోనే!"

"తగ్గుతున్నాయి కదా! కర్ర పట్టుకుని రా, కొలుద్దాం."

అల వచ్చి అబ్బుల్ని వెనక్కి లాక్కుపోయింది. ఒక మడకొమ్మ దొరికితే వేలాడాడు. కింద సముద్రం అరుస్తోంది, దిబ్బ ఒక పక్కనుంచి ఇసక ముద్దలుగా జారిపోతోంది. వీరవేణి పిల్లల్ని పొట్ట కింద పొదువుకుంది.

"అత్తా, వచ్చే ఏడు ఈ దిబ్బ కూడా మునిగితే?"

"మునగొచ్చు. దిబ్బ ఎక్కితే గండం గడిచినట్టు కాదు. అందుకే రేపూ బడి ఉంది. నీరు తీయగానే తలా పది మడవిత్తనాలు ఏరుకుని రండి, నాటుదాం."

కొమ్మ మీదనుంచి అబ్బులు గాలిలో అరిచాడు. "నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం చూపించండి! ప్రతి కొలతా నిజమే కదా!"

"నిజమే," అంది నూకరత్నం. "ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ముగ్గురు పసిబిడ్డల్ని చంపబోయావు."

అబ్బులు కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. నీరు ఇంకా ఎక్కుతోంది.

ఎవరైనా మీకు ఒక కొలత చూపిస్తే, అది నిజమా కాదా అని మాత్రమే కాదు, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపావని కూడా అడగండి.