రెండు కార్డులకు చాలని కరెంటు

నంద్యాలలో దస్తగిరి అనే పనిమంతుడు ఉండేవాడు కానీ, తెలియనిది ఒకరిని అడగడమంటే అతనికి మహా నామోషీ. ఇంకా కట్టని ఇళ్లను కంప్యూటర్లో కట్టి, సినిమాలా కదిలే బొమ్మగా చూపించడం అతని వృత్తి. గుమ్మాలు, కిటికీలు, వంటింటి అలమరలు అన్నీ నిజంగా ఉన్నట్టే ఉండేవి. తను మాత్రం ఒక మేడమీది గదిలో ఒంటరిగా ఉండేవాడు. ఎవరైనా పలకరిస్తే "అంతా బాగుంది" అని తలుపు వేసుకునేవాడు. క్రమంగా పలకరించేవాళ్లూ తగ్గిపోయారు.

ఒకసారి ఎస్తేరమ్మ అనే రిటైరైన నర్సు అతని దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్లు ఆసుపత్రి క్వార్టర్లలో బతికి, ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకోబోతోంది.

"వచ్చే ఆదివారం మా చెల్లెళ్లు ముగ్గురూ వస్తున్నారు నాయనా. పెద్ద చెల్లెలు రాయపూర్ నుంచి సెలవు పెట్టుకుని వస్తోంది. అందరం కూర్చుని ఇల్లు చూసుకోవాలని ఆశ" అంది.

"చూపిస్తానమ్మా" అన్నాడు దస్తగిరి.

అంత పెద్ద బొమ్మ ఆదివారానికి తయారుకావాలంటే కంప్యూటర్లో బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి చాలదు. రెండోది తెచ్చాడు. కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై పాతబడింది. కొత్తది కొందామని హైమావతి నడిపే కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్లాడు.

"లోపల ఏమేం ఉన్నాయన్నా? కార్డులు ఎన్ని?" అని అడిగింది ఆమె.

తనకు పరీక్ష పెడుతున్నట్టు తోచింది అతనికి. ఒక్కో కార్డుకు మూడు వందల వాట్లు, రెండింటికీ ఆరు వందలు అని మనసులో అనుకున్నాడు. "అవన్నీ నాకు తెలుసు. ఏడు వందల యాభై వాట్లది ఇవ్వండి" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

గదికి వచ్చి బిగించాడు. కంప్యూటర్ చక్కగా వెలిగింది. రెండు కార్డులూ పని అందుకోగానే టప్పున ఆగిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఆగింది. వైర్లు ఊడదీసి బిగించాడు, దుమ్ము దులిపాడు, ప్రోగ్రాములన్నీ తీసేసి మళ్లీ ఎక్కించాడు. మూడు రోజులు గడిచాయి. దుకాణం రెండు వీధుల అవతలే ఉంది. అయినా వెళ్లి అడగడానికి కాళ్లు రాలేదు.

శుక్రవారం ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. "గొంతు అట్లా ఉందేం నాయనా? తిన్నావా? పనిలో ఏమన్నా ఇబ్బందా?"

అతన్ని ఒకరు అలా అడిగి ఎన్నాళ్లో అయింది. అయినా అలవాటు కొద్దీ, "ఏం లేదమ్మా, అయిపోవచ్చింది" అన్నాడు.

ఆదివారం ఉత్త చేతులతో ఆమె ఉంటున్న అద్దె ఇంటి దాకా వెళ్లాడు. లోపల నలుగురు అక్కచెల్లెళ్ల నవ్వులు వినిపించాయి. "వచ్చేస్తాడే, మంచి పిల్లోడు" అంటోంది ఎస్తేరమ్మ. గేటు మీద చెయ్యి వేసి, తీసేసి, వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. "కాలేదని ఒక్క మాట చెప్పుంటే, కాగితం మీద గీసిందైనా చూసుకునేవాళ్లం గదా నాయనా. వాళ్లు వెళ్లిపోయారు. పని వేరేవాళ్లకు అప్పజెప్పానులే" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే అతనికి భరించరానిదైంది.

ఆ మధ్యాహ్నం దుకాణానికి వెళ్లి, "మేడమ్, నాకు తెలియలేదు" అని జరిగిందంతా చెప్పాడు.

హైమావతి నవ్వలేదు. స్టూలు చూపించి కూర్చోబెట్టింది. "కార్డులొక్కటే కాదన్నా. ప్రాసెసరుంది, ఫ్యాన్లున్నాయి, డిస్కులున్నాయి. వాటికీ కరెంటు కావాల గదా. పైగా కార్డులు పని అందుకునేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి. కొంచెం మిగులు పెట్టుకోవాల. పన్నెండు వందల వాట్లది తీసుకో. ఏ కార్డు వైరు దానికే వేరుగా వెయ్యి. ఆరోజు నేనడిగింది ఇందుకే."

ఐదు నిమిషాల్లో అయిపోయిన మాట అది.

ఈసారి కంప్యూటర్ ఆగలేదు. రెండు రోజులకు బొమ్మ పూర్తయింది. దస్తగిరి ఎస్తేరమ్మకు ఫోన్ చేశాడు. "పని కోసం కాదమ్మా. ఒక్కసారి చూస్తారా?" అని బతిమాలాడు.

"రా నాయనా. ఒక్కదాన్నే ఉన్నా" అందామె.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఫోన్లో చూశారు. గుమ్మం తెరుచుకుంది. హాలు, వంటిల్లు దాటాక వరండాలో నాలుగు కుర్చీలు కనిపించాయి.

"ఎంత బాగుంది! వాళ్లు చూసుంటే..." అని ఆగిపోయింది ఎస్తేరమ్మ.



నీతి: తెలియదని ఒప్పుకుని అడిగితే పోయేదేమీ లేదు, అడగకుండా దాచుకుంటే మనతోపాటు మనల్ని నమ్మినవాళ్లూ నష్టపోతారు.