బల్ల అంచున తొర్ర

"పూడ్చిన చోటు కనపడాలా, కనపడకూడదా?" అని ఇస్మాయిల్ ఒకరోజు తన గురువును అడిగాడు.

గురువు పేరు బ్రహ్మలింగాచారి. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్ళే దారిలో, ఒక కలప అడితి వెనక ఆయన పనిశాల ఉండేది. ముడి ఊడిపోయిన చెక్కలూ, తొర్ర పడ్డ పలకలూ ఆయన దగ్గరికి వచ్చేవి. ఆ ఖాళీల్లో ఎపాక్సీ అనే, పోశాక రాయిలా గట్టిపడే జిగురు పోసి, దానికి తగిన రంగు కలిపి, వాటిని మళ్ళీ పనికి తెచ్చేవారు. ఇస్మాయిల్ ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. పనిచేసిన రంపపు మిల్లు మూతపడ్డాక ఆయన దగ్గర చేరాడు. ఊళ్ళో తనవాళ్ళంటూ ఎవరూ లేరు. సాయంత్రం పని అయిపోయినా ఏదో ఒక చెక్క ముందేసుకుని కూర్చునేవాడు.

అతని మనసులో మాట వేరే ఉంది. తొర్రలో నీలం రంగు కలిపి పోస్తే చెక్క మధ్యలో ఏరు పారినట్టుంటుంది. పెద్ద హోటళ్ళలో అలాంటి బల్లలు చూశాడు. గురువు మాత్రం ఒకదానికి ముదురు రంగు వేసేవారు, మరొకదానికి చెక్కలో కలిసిపోయే రంగు వేసేవారు. దేనికి ఏది అన్నది ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన ఆరోజూ చెప్పలేదు. అప్పుడే గుమ్మంలో దిగిన ఒక బల్లను చూపించి, "ఇది నువ్వు చెయ్యి" అన్నారు.

అది గుండ్రటి వేపచెక్క బల్ల, నడిమధ్య ఒకే కాలు. అంచు దగ్గర ముడి ఊడిపోయి, బొటనవేలు పట్టేంత తొర్ర పైనుంచి అడుగుదాకా పడి ఉంది. తెచ్చినాయన పురుషోత్తంగారు, కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరైనవారు. ఇస్మాయిల్ ఆశగా నీలం సంగతి ఎత్తాడు.

"కనపడకూడదు బాబూ" అన్నారాయన. "అక్కడ ఒకటి ఉండేదని కూడా తెలియకూడదు. అన్నం తినేటప్పుడు నా చెయ్యి అటే పోతోంది."

ఇస్మాయిల్ ఆ పని మనసు పెట్టి చేశాడు. తొర్రలో కుళ్ళిన పొట్టును సన్నని ఉలితో గీకాడు. అడుగున టేపు అంటించాడు. అదే బల్లను రుద్దిన పొడిని ఎపాక్సీలో కలిపి, దానికి చిటికెడు గోధుమరంగు చేర్చి, రెండు విడతలుగా పోశాడు. గట్టిపడ్డాక బల్ల పైభాగమంతా గరుకు కాగితంతో రుద్ది, వెంట్రుకంత కుంచెతో చెక్క చారల్ని పూడ్చిన చోటు మీదుగా గీశాడు. పాలిష్ ఆరేసరికి ఆ చోటు తనకే వెతుక్కోవలసి వచ్చింది. గురువు బల్ల చుట్టూ ఒకసారి నడిచి, "మంచి పని" అన్నారు. ఆయన ఆ మాట అనగా ఇస్మాయిల్ వినడం అదే మొదలు.

పురుషోత్తంగారు వచ్చి అంచంతా తడిమి చూసుకున్నారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. తృప్తిగా తీసుకువెళ్ళారు.

పన్నెండో రోజున ఆయన ఆ బల్లనే ట్రాలీ ఆటోలో వేసుకుని మళ్ళీ వచ్చారు. గడ్డం పెరిగి ఉంది.

"ఆ చోటు ఎక్కడో చూపించు బాబూ."

"ఏమైందండీ? పగిలిందా?"

"పగల్లేదు. మా ఆవిడ చోటు ఏదో నాకు తెలియడం లేదు."

అప్పుడు చెప్పారాయన. ఆయన భార్య త్రిపురాంబకు షుగరుతో చూపు పోయింది. చివరి ఆరేళ్ళూ భోజనానికి పిలిస్తే గోడ పట్టుకుని వచ్చి, బల్ల అంచు తడుముకుంటూ తిరిగి, ఆ తొర్రలో వేలు పెట్టి అక్కడ ఆగేది. "వచ్చేశాను, వడ్డించండి" అనేది. తరవాతే కూర్చునేది. ఆవిడ పోయి ఏడు నెలలైంది.

"గుండ్రటి బల్ల కదా, ఎటు కూర్చున్నా ఒకేలా ఉంది. కుర్చీ ఎటు వెయ్యాలో తోచడం లేదు. నేనెప్పుడూ బల్లని చూడలేదు బాబూ. ఆవిడ చెయ్యినే చూసేవాణ్ణి."

ఇస్మాయిల్ వంగి వెలుతురుకు ఏటవాలుగా చూశాడు. తడిగుడ్డతో తుడిచి చూశాడు. గోటితో గీసి చూశాడు. తను చేసిన పని తనకే దొరకలేదు. కాసేపటికి అడుగుభాగం గుర్తొచ్చింది. అటు ఎవరూ చూడరని దాన్ని రుద్దలేదు.

"ఉండండి, తిరగేసి చూద్దాం" అనేలోగానే పురుషోత్తంగారు మోకాళ్ళ మీద వంగి, రంపపు పొట్టులోనే వెల్లకిలా పడుకుని బల్ల కిందికి జరిగారు. అక్కడ రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ, టేపు మడతల గుర్తులతో మెరుస్తూ ఉంది. ఆయన దాని మీద బొటనవేలు ఆనించారు.

"ఇక్కడే" అన్నారు.

వేలు అక్కడినుంచి తియ్యలేదు. పైనుంచి ఇస్మాయిల్‌కు ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి, ఒక చెప్పు ఊడిపోయి ఉంది. అతను కిందికి వంగి, "తవ్వేసి మళ్ళీ తొర్ర చేసిస్తానండీ" అన్నాడు.

"నువ్వు చేసేది నీ తొర్ర అవుతుంది బాబూ" అన్నారు బల్ల కిందనుంచి.

ఆయన లేచి, ఒంటికంటిన పొట్టు దులుపుకోకుండానే బల్లను ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

ఇస్మాయిల్ ఆరోజు మరో చెక్క ముట్టుకోలేదు. దీపాలు పెట్టే వేళకు గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీలమే పోసి ఉండాల్సిందండీ. కనపడేలా."

"కనపడేలా పోసుంటే, అది చూడలేకపోతున్నానని మళ్ళీ తెచ్చేవాడు" అన్నారు ఆచారి.

"మరి నేనేం చెయ్యాలి?"

గురువు చేతిలో ఉలిని గుడ్డతో తుడిచి అరలో పెట్టారు.

"బల్ల ఎలా ఉందో వారానికోసారి వెళ్ళి చూసిరా" అన్నారు. "భోజనం వేళకి వెళ్ళు."