మూడు విరుపుల ఈల

అనగనగా ఒక రాజ్యం. మూడు దిక్కుల నేల, నాలుగో దిక్కున సముద్రం. పేరు వేలాపురి. దాన్ని ఏలే రాజు వేగవర్మ. పేరుకు తగ్గ మనిషే. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేలోగా ఇంకో ప్రశ్న అడగాలి.

ఆయన కొలువులో ఒక వింత కట్టడి ఉండేది. రాజు ఎదుట రాజు పేరు తప్ప మరో పేరు వినపడకూడదు. మంత్రిని మంత్రీ అనాలి, వంటవాణ్ణి వంటవాడా అనాలి. ఎవరైనా నోరు జారి తన పేరు చెప్పుకున్నారా, ఇక ఊరు విడిచి పోవలసిందే.

ఆ కొలువులో చిలుకలకు మాటలు నేర్పే మనిషి ఒకతె ఉంది. అసలు పేరు కేశిని, అందరి నోటా చిలుకలమ్మ. పన్నెండేళ్లుగా ఆమె అంతఃపురం చిలుకలన్నిటికీ "వేగవర్మకు జయం" అని నేర్పుతోంది. ఆ రెండు మాటలు పట్టుబడడానికి ఒక్కో చిలుకకు ఆరు నెలలు పట్టేది. పట్టుబడ్డాక చిలుకకు ఏమైనా అర్థమయ్యేదా అంటే, జామపండు దొరుకుతుందని అర్థమయ్యేది.

ఒకనాడు జాలరుల వలలో డాల్ఫిన్ పిల్ల పడింది. డాల్ఫిన్ అన్నది ఇప్పటి మాట. కొలువులోని శబ్దశాస్త్రి దానికి శింశుమారం అని నోరు తిరగని పేరు పెట్టాడు. పిల్లను ఉద్యానవనం కొలనులో వదిలారు. ఆ కొలనులోకి కాలువ గుండా సముద్రపు నీళ్లే వస్తాయి. పిల్ల పారిపోకుండా తూము తలుపు దించేశారు.

నీళ్లలో పడీ పడగానే అది ఈల వేసింది. పైకి లేచి, కిందికి జారి, మళ్లీ పైకి లేచే ఈల. శబ్దశాస్త్రి చేతులు జోడించి, "వే, గ, వర్మ. మూడు విరుపులు, మూడు ముక్కలు. ప్రభువుల పేరే పలుకుతోంది" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. పున్నమికి పొరుగు రాజులు వస్తున్నారు, ఆ లోగా "జయం" కూడా నేర్పమని చిలుకలమ్మకు ఆజ్ఞ ఇచ్చాడు. పున్నమికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. "నేర్పగలవా" అని అడిగి, ఆమె నోరు తెరిచేలోగా వెళ్లిపోయాడు.

కేశినికి మనసు మనసులో లేదు. చిలుకకు ఆరు నెలలు పట్టిన పేరు దీనికి ఎవరూ నేర్పకుండానే ఎలా వచ్చింది? మాట నేర్పేవాళ్లు ముందు వినడం నేర్చుకోవాలని ఆమె గురువు చెప్పేవాడు. ఆమె కొలను గట్టున కూర్చుని వింది. కూర్చోలేక లేచి తిరుగుతూ వింది. ఈల వినిపించినప్పుడల్లా తాటాకు మీద ఒక గీత గీసింది. పిల్ల చేప ముట్టడం లేదు. కొలనంతా చుట్టి చుట్టి తూము దగ్గరికే వచ్చి ఆగుతోంది. దాన్ని చూస్తుంటే ఆమెకూ అన్నం సహించలేదు.

మూడో రోజున గీతలు లెక్కపెట్టింది. రాజు గట్టున ఉన్నప్పుడు ఈలలు తక్కువ, లేనప్పుడు ఎక్కువ. ఆ మాటే కొలువులో విన్నవించింది. శబ్దశాస్త్రి వెంటనే అందుకుని, ఇది ప్రభువుల ఎడబాటు ఓర్వలేక పడే వేదన అన్నాడు. రాజుకు కళ్లు చెమ్మగిల్లాయి. గట్టు చుట్టూ పట్టు తెరలు కట్టించాడు. ఉన్న కాస్త గాలీ పోయింది.

ఆరో రోజున ఆమె ఒక ఖాళీ కుండ అడుగున చిల్లు చేసి, మూతిని నీళ్లలో ముంచి, ఆ చిల్లులోంచి "వేగవర్మ" అని నూరుసార్లు పిలిచింది. పిల్ల తల కూడా తిప్పలేదు. ఆ సంగతీ చెప్పింది. ప్రభువుల పేరు వినగానే భక్తితో మౌనం వహించిందని శాస్త్రి అర్థం చెప్పాడు. అతని దగ్గర అర్థాలకు కరువా? రాజు గట్టున జేగంటలు పెట్టించాడు. మోతకు పిల్ల అడుక్కి పోయి దాక్కుంది.

తొమ్మిదో రోజున కేశిని కాలువ పట్టుకుని సముద్రం దాకా నడిచింది. పోలయ్య అనే ముసలి జాలరి ఆమెను తెప్ప ఎక్కించుకుని, కాలువ సముద్రంలో కలిసే మొగకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక పెద్ద డాల్ఫిన్ అటూ ఇటూ తిరుగుతోంది. ఎనిమిది దినాలుగా ఇక్కడే తిరుగుతోందని, మంద వెళ్లిపోయినా ఇది కదలడం లేదని పోలయ్య చెప్పాడు. అంతలో అది ఈల వేసింది. అదే ఈల, మూడు విరుపులు, గొంతు మాత్రం వేరు.

ఆ రోజు సముద్రం మీద పొగమంచు పట్టింది. దూరంగా ఎవరో "అప్పన్ననో, అప్పన్న!" అని కేక వేశారు. ఎవరినో పిలుస్తున్నారా అంది కేశిని. పోలయ్య నవ్వాడు.

"పిలవడం కాదు తల్లీ. మంచు కమ్మినప్పుడు ఎవుడి పేరు ఆడే కేకేసుకుంటాడు. నేనిక్కడున్నానని అయినోళ్లకి తెలియాల గదా. ఇన్నోళ్లు ఆడి పేరే తిరిగి కేకేత్తారు. ఇన్నాం, వత్తన్నాం అని."

కేశినికి అప్పుడు వెలిగింది. రాజు ఎదుట ఎవరూ తన పేరు చెప్పని కొలువులో పెరిగినవాళ్లకు, ఒక ప్రాణి తన పేరు తానే చెప్పుకుంటుందని ఎలా తోస్తుంది? అది పిల్ల పేరు. మొగ దగ్గర ఉన్నది తల్లి.

ఆయాసపడుతూ కోటకు పరుగెత్తింది. తల్లి కూడా అదే ఈల వేస్తోందని చెప్పిందో లేదో, మిగతాది చెప్పనివ్వకుండా శాస్త్రి లేచి నిలబడ్డాడు. ప్రభువుల కీర్తి సముద్రానికి పాకిందన్నాడు. రాజు ఆనందానికి అవధుల్లేవు. తెల్లవారగానే ఆ తల్లిని కూడా వలలు వేసి పట్టి తెమ్మని ఆజ్ఞాపించాడు.

తాను నిజం చెప్పబోతే అది తల్లి మెడకు చుట్టుకుంది. కేశిని ఏడ్చింది. ఏడ్చి ఏం లాభమని మళ్లీ తనను తానే తిట్టుకుంది.

తెల్లవారింది. వలలు తెప్పలకెక్కాయి. రాజు గట్టున పచార్లు చేస్తున్నాడు. కొలనులో పిల్ల ఈల సన్నబడిపోయింది. కేశిని వెళ్లి రాజుకు అడ్డంగా నిలబడింది.

"ప్రభూ, నా పేరు కేశిని."

జేగంట కొట్టేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రాజు ముఖం కందగడ్డ అయింది.

"చెప్పుకున్నాను, ఊరు విడిచి పోతాను. ఈ పిల్ల కూడా తన పేరే చెప్పుకుంటోంది. బయట తల్లి ఆ పేరే పెట్టి పిలుస్తోంది. అది మీ పేరు కాదు. నా మాట నమ్మవద్దు, తూము తలుపు ఎత్తించండి. పిలిచేది మిమ్మల్నే అయితే ఇక్కడే ఉంటుంది."

కాదంటే భయపడ్డాడంటారని రాజు తలుపు ఎత్తించాడు.

పిల్ల ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత కాలువ నీళ్లు చీలిపోయాయి. అందరూ మొగ దాకా పరుగెత్తారు, రాజు అందరికన్నా ముందు. చెరో వైపు నుంచీ రెండు ఈలలు దగ్గరయ్యాయి. తల్లీ పిల్లా ఒకదాన్నొకటి రాసుకున్నాయి. పది రోజులుగా మోగిన ఆ ఈల అక్కడితో ఆగిపోయింది. ఇద్దరూ ఒకచోట ఉన్నాక కేకతో పనేముంది? వాటి మధ్య ఇప్పుడు సన్నటి కిచకిచలు, టకటకలు వినిపిస్తున్నాయి.

రాజు చాలాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాడు. వాటిలో ఎక్కడా తన పేరు లేదు.

"కేశినీ, ఇప్పుడేమంటున్నాయి?" అని అడిగాడు.

"తెలియదు ప్రభూ. నాకు తెలిసింది ఒక్క మాటే, ఆ పిల్ల పేరు. మిగతాది నేర్చుకోవాలి."

శబ్దశాస్త్రి గొంతు సవరించుకుని, తల్లీ పిల్లా ప్రభువుల దయను కొనియాడుతున్నాయని మొదలుపెట్టాడు.

"ఊరుకోవయ్యా," అన్నాడు రాజు. "విననీ."

వలలు తడవకుండానే ఒడ్డుకు తిరిగొచ్చాయి. వేగవర్మ ఎండెక్కేదాకా అక్కడే, అడుగు కదపకుండా నిలబడ్డాడు.

కాబట్టి పిల్లలూ, ఎదుటివాళ్ల మాటలో తన పేరే వెతుక్కునేవాడికి ఏ భాషా రాదు. తెలియదని ఒప్పుకుని చెవి ఒగ్గేవాడికి సముద్రమైనా పలుకుతుంది.