గొంగట్లో పాప

అనగనగా వాగు అవతల ఒక ఊళ్ళో మనుషుల కన్నా గొర్రెలే ఎక్కువ. నవ్వకు, నిజమే! ఆ ఊళ్ళో బీరయ్య అని ఒక గొర్రెల కాపరి. వాళ్ళమ్మ రాజవ్వ. పెళ్ళాం కొమురవ్వ.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ ముసురులోనే కొమురవ్వకు నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. అప్పుడు ఎస్తేరమ్మ అనే నర్సమ్మ సంచీ నెత్తిన పెట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో వాగు దాటి వచ్చింది. కాన్పు చేసింది. ఆడపిల్ల. ఎంతుందనుకున్నావు? తూచితే కిలోన్నర. మన వంటింట్లో సొరకాయంత.

పట్నం దవాఖానలో ఇలాంటి పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి గాజుపెట్టెలుంటాయి. తీసుకెళ్దామంటే వాగు పొంగింది. మోకాటి లోతు కాస్తా నిలువు లోతైంది. ఎస్తేరమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పాప పాదాలు చూస్తే కడవలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. వెచ్చగా ఉంచితే దక్కుతుంది, చల్లబడితే చేజారిపోతుంది. ఎస్తేరమ్మకు ఒకటే దిగులు.

మొదట రాజవ్వ మంచం కింద కుంపటి పెట్టింది. గది నిండా పొగ. పాప ఉక్కిరిబిక్కిరైంది. ఎస్తేరమ్మ గబగబా కుంపటిని బయట పెట్టించింది.

ఆ తర్వాత ఆమె పాపకు టోపీ ఒక్కటీ పెట్టి, ఉత్త ఒంటితో తల్లి గుండెల మీద పడుకోబెట్టి, చీరతో చుట్టి కట్టింది. ఒంటికి ఒళ్ళు తగిలింది. పాదాలు వెచ్చబడ్డాయి. రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు పొద్దున్నే కొమురవ్వకు చలిజ్వరం పట్టుకుంది. పళ్ళు టకటకమన్నాయి. పాపం, ఇక పిల్లను పట్టుకునే ఓపిక ఎక్కడిది?

అప్పుడు రాజవ్వ "నాకియ్యి బిడ్డా" అంది. కానీ ఆమెకు దమ్ము, అదే ఉబ్బసం. దగ్గినప్పుడల్లా పాప ఎగిరెగిరి పడింది. చివరికి ఎస్తేరమ్మే తన గుండెకు హత్తుకుంది. కానీ జ్వరానికి తడిగుడ్డ వెయ్యాలి, మందు తాగించాలి, తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పాపకు పట్టాలి. చేతులు రెండే కదా! దించినప్పుడల్లా పాప పాదాలు మళ్ళీ చల్లబడుతున్నాయి.

పాపను కొంగు చాటున పెట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఎదురుగా గొర్రెల కొట్టంలో బీరయ్య కూర్చున్నాడు. పాప పుట్టినప్పటి నుంచీ అక్కడే. పదకొండో రోజు పురుడు చేసేదాకా తండ్రి బిడ్డను ముట్టుకోకూడదు, మొహం చూడకూడదు. వాళ్ళ ఆచారం అది. ఇంటివైపు చూసి చూసి అతని కళ్ళు కాయలు కాశాయి. ఇప్పుడు అతని గొంగట్లో ఏదో కదులుతోంది.

"గొంగట్ల ఏంది బీరయ్యా?" అంది ఎస్తేరమ్మ.

"గొర్రెపిల్ల నర్సమ్మా. దినాలు నిండకముందే పుట్టింది. వణుకుతాంది."

"పొయ్యికాడ పండబెట్టరాదు?"

"పొయ్యికాడ పెడ్తె ఒకదిక్కు కాలుతది, ఒకదిక్కు సల్లబడ్తది. పొగకు ఊపిరాడదు. పెయ్యికి పెయ్యి, ఒంటికి ఒళ్ళు తగిలితెనే బతుకుతది."

ఎస్తేరమ్మ కొంగు చాటున పాపను సర్దుకుంది. "నీ బిడ్డకు గూడ గదే కావాలె బీరయ్యా" అంది.

బీరయ్య లేవబోయాడు. లోపలి నుంచి రాజవ్వ అడ్డొచ్చింది. "పురుడు గాకముందు మొగోడు ముట్టుడేంది? మా ఇంట ఎన్నడన్న ఉన్నదా?"

ఎస్తేరమ్మ వాదించలేదు. "అవ్వా, ఒక్కపాలి దీని పాదాలు పట్టుకో" అంది.

రాజవ్వ పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. బీరయ్య కన్నా ముందు ఆమెకు ఇద్దరు పుట్టి, పట్టుమని పదిరోజులు కూడా ఉండలేదు. వాళ్ళ పాదాలూ ఇలాగే చల్లగా ఉండేవి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను నీకు చెబుతున్నాను.

"వాడు గదిలకు రావద్దు. మొఖం సూడొద్దు. గంతే," అంది చివరికి. "పిల్లనే బయటికి పోతె నేనేం జేస్త?"

అని తానే వేణ్ణీళ్ళు కాచింది. బీరయ్య ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేసి వసారాలో కూర్చున్నాడు. ఎస్తేరమ్మ పాపను అతని ఛాతీ మీద పడుకోబెట్టి, చీరతో కట్టి, పైన కొత్త గొంగడి కప్పింది. గొర్రెపిల్ల ఏమైందంటావా? దాన్ని రాజవ్వ కొంగులో వేసుకుంది. దానికి ఆమె దగ్గంటే భయం లేదులే.

పాలకు తల్లి, వెచ్చదనానికి తండ్రి. రోజులు అలా గడిచాయి. కొమురవ్వ జ్వరం దిగింది. బీరయ్య మాత్రం అమ్మ మాట దాటలేదు. పాప ఛాతీ మీద ఉన్నంతసేపూ ఇంటి కప్పు వంకే చూసేవాడు. ఊసుపోక, గొర్రెల్ని పిలిచినట్టు నాలుకతో ట్ర్‌ర్‌ర్ అనేవాడు.

పదకొండో రోజుకు వాగు తగ్గింది. ఎస్తేరమ్మ తూచితే పాప పిడికెడు పెరిగింది. పురుటికి చుట్టాలొచ్చారు. కొత్త చొక్కా తొడిగి పాపను చేతులు మార్చారు. అది కెవ్వుమంది. ఈమె ఊపింది, ఆమె ముద్దాడింది, ఇంకొకామె జోల పాడింది. ఊహూ, ఏడుపు ఆగలేదు.

"ఇగో బీరయ్యా, నీ బిడ్డను సూసుకో" అని తెచ్చారు. బీరయ్య మొదటిసారి కళ్ళు దించి చూశాడు. అలవాటుగా నాలుకతో ట్ర్‌ర్‌ర్ అన్నాడు.

పాప టక్కున ఏడుపు ఆపింది. తల అటు తిప్పింది.

"మొఖం సూడని తండ్రిని గీ పిల్ల ఎట్ల గుర్తుపట్టిందమ్మా!" అని చుట్టాలు నోళ్ళు తెరిచారు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు కాదు, నవ్వు.

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరింట్లో నెలలు నిండని బిడ్డ పుట్టినా రాజవ్వ చేతికర్ర పట్టుకుని బయల్దేరేది. గుమ్మంలోంచే కేకేసేది:

"ముందుగాల పిల్ల నాయినకు నీళ్ళు కాయుండ్రి!"

కొట్టంలోన గొర్రెపిల్ల,
గొంగట్లోన చంటిపిల్ల,
నా ఒళ్ళోన అల్లరిపిల్ల.
కథేమో వెళ్ళింది కంచికి,
కునుకేమో వచ్చింది మంచానికి!