దస్తగిరి చేసింటాడులే

అనగా అనగా ఒక కనుమ దారి. అప్పటికి ఆ దారికి తారు లేదు, అంచున గోడ లేదు. పైన ఒక ఊరు, కింద ఒక ఊరు, మధ్యన మలుపుల మీద మలుపులు. ఎప్పటి మాట అంటారా? కొండ మీది వాళ్ళు కొత్త మోటారు బండిని ఇంకా కళ్ళతో చూడని కాలం నాటి మాట.

మరి బండ్లే లేవా అంటే, ఉన్నాయి. పట్నంలో ఒకరు తోలి అమ్మి, ఇంకొకరు తోలి అమ్మి, ఇక ఎవరికీ వద్దనుకున్నాక అవి కొండెక్కేవి. ఎక్కేసరికి వాటి ఒంటి మీద ఎన్ని వైద్యాలో! ఊడిన చోట తీగ చుట్టి ఉండేది. కారే చోట సబ్బు ముక్క అద్ది ఉండేది. వదులైన చోట చెప్పు రబ్బరు దూర్చి ఉండేది.

ఆ వైద్యాలకు మళ్ళీ వైద్యం చేసే మనిషి కింది ఊళ్ళో ఉండేవాడు. పేరు దస్తగిరి. షాపు లేదు, బోర్డు లేదు. ఇంటి ముందు రేకుల పంచ, కూర్చోవడానికి గోనెపట్టా, అరిగిపోయిన పానాలు కొన్ని, అంతే. బండి వస్తే ముందుగా పానా పట్టేవాడు కాదు. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఊరికే కూర్చునేవాడు. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తల్లి చూస్తుందే, అలాగ. తర్వాత లేచి సరిగ్గా నొప్పి ఉన్న చోటే విప్పేవాడు. ఎలా తెలిసేదో ఆయనకే తెలియాలి.

మెకానిక్కుల సంగతి మీకు తెలియంది కాదు. పాత బండి విప్పగానే ఏ మెకానిక్కు అయినా అనే మొదటి మాట ఒకటే. "ఎవడు చేసినాడప్పా ఈ పని?" ఆ మాట అనకుండా పానా పట్టిన వాడు ఈ లోకంలో పుట్టలేదు. ఒక్క దస్తగిరి తప్ప.

పై ఊరి పాలాయన వచ్చాడు. చెయిన్లో లంకె ఉండాల్సిన చోట మేకు వంచి ఉంది. "ఇది చేసినోడి చేతులు ఇరగ్గొట్టాల మామా!" అన్నాడు.

"నేనే చేసింటాలే అప్పా. ఇటియ్యి, చూస్తా," అన్నాడు దస్తగిరి.

అదే ఊరి గాజులాయన వచ్చాడు. ట్యాంకు పగులుకి సబ్బు అద్ది ఉంది. "ఏ పనికిమాలినోడు పూసినాడో!" అన్నాడు.

"నేనే చేసింటాలే అప్పా. ఇటియ్యి, చూస్తా."

విన్నవాళ్ళందరూ నవ్వేవారు. ఆయన భార్య మాబున్నీ మాత్రం నవ్వేది కాదు. "ఊరి తప్పులన్నీ నెత్తినేసుకోని యాడికి మోసుకుపోతావు?" అని కసిరేది. "ఉండనీలే, ఎండకు అడ్డముంటాది," అనేవాడు ఆయన.

ఇప్పుడు పై ఊరికి పోదాం. అక్కడ ఓబులేసు అని ఒకడు సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుని బతికేవాడు. ఊళ్ళోకి మోటారు బండ్లు వచ్చేసరికి చాలామంది అతని దగ్గరికే తెచ్చారు. ఈ పని నాకు రాదు అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. వెనక చక్రం బ్రేకుకి ఒక రాడ్డు ఉంటుంది. దాని కొసన మర అరిగిపోతే నట్టు నిలవదు, రాడ్డే మార్చాలి. ఓబులేసు మార్చలేదు. సైకిలుకి కట్టినట్టే తీగతో బిగించి కట్టాడు. ఊరి వీధుల్లో ఆ కట్టు భేషుగ్గా నిలిచింది. ఇక ఎవరు తెచ్చినా అదే కట్టు.

వీధిలో నిలిచిన తీగ కనుమలో నిలుస్తుందా? ఒకనాడు పుల్లన్న అనే ఆయన భార్యను వెనక కూర్చోబెట్టుకుని, సీతాఫలాల గంపతో కనుమ దిగుతున్నాడు. ముందు బ్రేకు ఎప్పుడో చచ్చింది. మలుపులో వెనక బ్రేకు తొక్కాడు. తీగ సాగింది, రాడ్డు జారింది. భార్య గడ్డిలో పడి బయటపడింది. పుల్లన్న కాలు విరిగింది.

పుల్లన్నకు ఒక అన్న ఉన్నాడు, తిమ్మప్ప. ఆయన గొంతు వింటే పై ఊళ్ళో పిల్లలు ఆట ఆపేసేవారు. అది ఎవడి పనో చెప్పగలిగేది దస్తగిరి ఒక్కడే అని, విరిగిన బండిని ఈడ్పించి ఆయన వాకిట్లో పడేయించాడు. ఆ బండిని పుల్లన్న కొని వారం కూడా కాలేదు. అంతకు ముందు దాన్ని ఎవరు బాగుచేశారో ఎవరికీ తెలియదు. ఒక్క ఓబులేసుకి తెలుసు. రాకపోతే అనుమానిస్తారని అతనూ గుంపులో వచ్చి నిలబడ్డాడు.

దస్తగిరి ట్యాంకు మీద చెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. తర్వాత వంగి చక్రం దగ్గర తీగ చూశాడు, తీగకు వేసిన ముడి చూశాడు. తలెత్తి గుంపు వైపు చూశాడు. ఓబులేసు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. దస్తగిరి ఆ ముడిని గుప్పిట్లో మూసేశాడు.

"ఎవడు చేసినాడో చెప్పు! వాణ్ణి ఇదే కనుమ మీద నుంచి తోసేస్తా," అన్నాడు తిమ్మప్ప.

"నేనే చేసింటాలే అప్పా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తమాషా కాదు దస్తగిరీ. నువ్వేనా?"

"నేనే."

తిమ్మప్ప కట్టె ఎత్తాడు. ఆ నెరిసిన గడ్డం చూసి కొట్టలేక దించాడు. "ఈ వాకిలి తొక్కినోడు మా ఊరోడు కాదు!" అని అరిచి వెళ్ళిపోయాడు. ఊరంతా ఆయన వెనకే వెళ్ళింది.

ఓబులేసు మొదటి మలుపు దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. వెనక్కి పరుగెత్తి వచ్చి పంచలో కూలబడ్డాడు. "మామా, అది నేను కట్టిన తీగ," అన్నాడు.

"తెలుసు. అది సైకిలోళ్ళ ముడి."

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే ఏమయ్యేది అల్లుడా? నిన్ను తరిమేసేవాళ్ళు. నువ్వు పోతే, ఆ తీగ ఇంకా ఎవరెవరి బండికుండాదో నాకెవరు చెప్తారు? గంగమ్మ తిరునాళ్ళ వస్తాండాది. పిల్లా జెల్లాతో అందరూ ఈ కనుమే దిగాల."

ఓబులేసు అప్పటిదాకా తన ఒంటి మీద పడే దెబ్బల గురించే భయపడుతున్నాడు. ఇప్పుడు ఊళ్ళో ఒక్కొక్క ఇల్లూ, ఇంటి ముందు ఒక్కొక్క బండీ కళ్ళ ముందుకు వచ్చాయి.

మర్నాటి నుంచి అతను ఆ బండ్లను ఒకదాని తర్వాత ఒకటి అడిగి తీసుకుని, పెరటి దారిన దస్తగిరి ఇంటికి చేర్చాడు. మొదట దస్తగిరి చేశాడు, ఓబులేసు చూశాడు. తర్వాత ఇద్దరూ కలిసి చేశారు. ఆ తర్వాత ఓబులేసు చేశాడు, దస్తగిరి చూశాడు. పై ఊళ్ళో జనం మెచ్చుకున్నారు. "ఓబులేసుకి చెయ్యి తిరిగిందప్పా! ఆ దస్తగిరి మాదిరి కాదు," అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఓబులేసు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

తిరునాళ్ళ రేపనగా దస్తగిరి అడిగాడు. "ఇంకేమైనా మిగిలిందా అల్లుడా?"

ఓబులేసు తల దించుకున్నాడు. "ఒకటుండాది మామా. తిమ్మప్పది."

"పోయి తే."

"ఏమని అడిగేది?"

"అది నువ్వు చూసుకో. తీగ మాత్రం రేపు సాగుతాది."

తిమ్మప్ప వాకిట్లో బండి కడిగి, బంతిపూల దండ వేసి ఉంది. ఆయన మనవరాలు ట్యాంకు మీదెక్కి హారను నొక్కుతోంది. ఓబులేసు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "తిమ్మప్పన్నా, పుల్లన్న బండికి తీగ కట్టింది దస్తగిరి మామ కాదు. నేను. నీ బండికీ కట్టినా," అన్నాడు.

తిమ్మప్ప కట్టె అందుకున్నాడు.

"కొట్టుదువు గానీ అన్నా. ముందు బిడ్డను దించు. బండియ్యి."

తిమ్మప్ప మనవరాలి వైపు చూశాడు. కట్టె చంకలో పెట్టుకుని, పిల్లను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టాడు. ఓబులేసు బండిని స్టార్టు చేయనివ్వలేదు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కనుమంతా నడిపించుకుంటూ దిగారు.

తను తొక్కొద్దన్న వాకిలిని తనే తొక్కాడు తిమ్మప్ప. దస్తగిరి లేచి వచ్చాడు. ట్యాంకు మీద చెయ్యి ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు, వంగి చూశాడు. అదే తీగ, అదే ముడి. తిమ్మప్ప కూడా వంగి చూశాడు. "ఇది ఎవడు చేసినాడు దస్తగిరీ?" అన్నాడు.

చేసినవాడు పక్కనే ఉన్నాడు. ఒప్పుకుని మరీ ఉన్నాడు.

"నేనే చేసింటాలే అప్పా," అన్నాడు దస్తగిరి. "ఇటియ్యి, చూస్తా."

తిమ్మప్ప చంకలో కట్టె జారి కింద పడింది. ఆయన దాన్ని మళ్ళీ తీసుకోలేదు. గోనెపట్టా మీద చతికిలబడి, "ఎట్లాంటోడివప్పా నువ్వు!" అన్నాడు.

మర్నాడు పై ఊరి బండ్లన్నీ కనుమ దిగాయి. ముసలివాళ్ళు, పసివాళ్ళు, పూల గంపలు, పొంగలి కుండలు. దస్తగిరి తిరునాళ్ళకు పోలేదు. తన గడప మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. ఓబులేసు పక్కనే ఉన్నాడు. ఒక్కొక్క బండి చదును నేల తాకినప్పుడల్లా దస్తగిరి "దిగింది" అనేవాడు. బండి శబ్దం విని "పాలాయన... దిగింది" అన్నాడు. "గాజులాయన... దిగింది" అన్నాడు. అన్నిటికన్నా చివర హారను మోగించుకుంటూ ఒక బండి వచ్చింది. "బిడ్డ దిగింది," అని కళ్ళు తెరిచాడు. ఓబులేసు ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాడు.

ఏళ్ళు గడిచాయి. దస్తగిరి కాలం చేశాడు. మట్టి చేసి వచ్చిన రోజు, ఓబులేసు పంచలో ఎవరో బండి ఆపి, విరిగిన కట్టు ఒకటి చూపించి, "ఎవడు చేసినాడప్పా ఇది?" అని తిట్టబోయారు. ఓబులేసు కళ్ళు తుడుచుకుని అన్నాడు. "దస్తగిరి చేసింటాడులే. ఇటియ్యి, చూస్తా."

ఆ మాట అలా నిలిచిపోయింది. ఈనాటికీ ఆ కనుమకు అటూ ఇటూ పాత బండి విప్పిన ఏ మెకానిక్కూ ఎవరినీ తిట్టడు. లోపల ఎంత అన్యాయమైన పని కనిపించినా ట్యాంకు మీద చెయ్యి ఆనించి, "దస్తగిరి చేసింటాడులే," అంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు విని, ఎవరో గాని ఆ దస్తగిరి, ఇంత చేతకానివాడు భూమ్మీద ఉండడు అనుకుంటారు. అనుకోనివ్వండి, ఆయనకు అలవాటే. ఆ మాట విన్న మర్నాడు ఎవడో ఒకడు తల వంచుకుని వస్తాడు. "అన్నా, ఆ కట్టు నాదే. ఇంకో బండికీ కట్టినా, పోయి తెస్తానుండు," అంటాడు.

కథ కనుమ దిగింది. మీరూ బ్రేకు చూసుకుని దిగండి.