తొంభై ఏడు డిగ్రీలు

మబ్బుకోన అనే కొండ ఊరి ఉన్నత పాఠశాలలో పైడంనాయుడు అనే సైన్సు మాస్టారు ఉండేవారు. పాఠం చక్కగా చెప్పేవారు గానీ, పుస్తకంలో అచ్చయినదానికి భిన్నంగా ఏది కనిపించినా ఒప్పుకునేవారు కాదు.

ఆయన ప్రయోగం చేయించే పద్ధతే వేరు. ముందు నల్లబల్ల మీద ఫలితం రాసేసేవారు. పిల్లలు దాన్ని రికార్డు పుస్తకాల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకునేవారు. ఆ తర్వాత టైము మిగిలితే, బీరువా తాళం తీసి ప్రయోగం చేసి చూపించేవారు. ఫలితం ఎలాగూ రాసేసుకున్నారు కాబట్టి, పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. ఇంత శుభ్రమైన రికార్డులు చుట్టుపక్కల ఏ బడిలోనూ ఉండవని మాస్టారికి పేరు. ఆ పేరంటే ఆయనకు మహా ఇష్టం.

తొమ్మిదో తరగతిలో వంతాల దేవకి అనే అమ్మాయి ఉండేది. ఒకరోజు, నీళ్ళు ఎంత వేడి దగ్గర మరుగుతాయో చూపించే ప్రయోగం జరిగింది. నల్లబల్ల మీద 'వంద డిగ్రీలు' అని ముందే ఉంది. అందరూ రాసుకున్నారు. దేవకి మాత్రం లేచి వెళ్ళి థర్మామీటరు వైపు వంగి చూసింది. నీళ్ళు సలసల మరుగుతున్నాయి. పాదరసం తొంభై ఏడు దగ్గర ఆగింది. ఎంతసేపు చూసినా అక్కడి నుంచి కదల్లేదు. ఆమె తన రికార్డులో తొంభై ఏడు అని రాసుకుంది.

మర్నాడు మాస్టారు ఆమెను పిలిచారు.

"ఏటమ్మా ఇది? పుస్తకంలో ఎంతుంది?"

"వంద సార్."

"మరి నువ్వేం రాశావు?"

"తొంభై ఏడు సార్. పాదరసం అక్కడే ఆగిపోయింది. నేను చూశాను."

"ఓహో! పుస్తకం రాసిన పెద్దలందరికీ కళ్ళు లేవు, నీకొక్కదానికే ఉన్నాయన్నమాట!"

తరగతి అంతా ఘొల్లున నవ్వింది. మాస్టారు ఆ పేజీని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్క పేజీలో మళ్ళీ రాయమన్నారు. దేవకి వంద అని రాసింది. ఆ రోజు నుంచి ప్రయోగం జరుగుతున్నప్పుడు ఆమె కూడా కిటికీలోంచి బయటికే చూసేది. ఆమె రికార్డులో మళ్ళీ ఎర్ర సిరా పడలేదు. పిల్ల దారికొచ్చిందని మాస్టారు సంతోషించారు.

మబ్బుకోనలో అందరూ మిరియాలు పండించేవారు. కోసిన మిరియాలు వారం రోజులు ఎండాలి. వాన వస్తుందో రాదో వాతావరణ శాఖవాళ్ళు కొండ కింద పట్నం లెక్కలు చూసి చెప్పేవారు. పట్నంలో ఎండ కాస్తుంటే కొండ మీద వాన దంచేది. రెండేళ్ళ కిందట దేవకి వాళ్ళ మిరియాలన్నీ అలాగే తడిసి బూజు పట్టాయి. అందుకని, కొండ మీది లెక్కలు చూసే వాన కబురు చెప్పేలా, వానను, వేడిని కొలిచే చిన్న కేంద్రం ఒకటి తమ బడిలోనే పెట్టమని మాస్టారు రెండేళ్ళుగా అర్జీలు పంపుతున్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన పట్టుదలను మెచ్చుకోవాల్సిందే.

చివరికి ఆ శాఖ నుంచి ఇందుమతి అనే అధికారిణి జీపులో పరికరాలు వేసుకుని వచ్చారు. రికార్డులు తిరగేసి, "చాలా నీటుగా ఉన్నాయి," అన్నారు. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"రోజూ కొలత చూసి రాయాల్సింది పిల్లలే కదా. వాళ్ళెలా చూస్తారో ఒకసారి చూద్దాం," అని ఆమె ఒక బీకరులో నీళ్ళు మరగబెట్టించి, థర్మామీటరు పెట్టించారు. ముగ్గురు పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని పిలిచి, ఎంతుందో చూసి చీటీ మీద రాయమన్నారు. మూడోది దేవకి. ఆమె థర్మామీటరు వైపు చాలాసేపు చూసింది. తర్వాత మాస్టారి వైపు చూసింది. చీటీ మడిచి ఇచ్చింది.

మూడు చీటీల్లోనూ వందే ఉంది.

"మీరు కూడా ఒకసారి చూడండి మాస్టారూ," అన్నారు ఇందుమతి.

మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని చూశారు. తొంభై ఏడు. "ఇది పాడైనట్టుంది మేడమ్," అన్నారు. ఆమె తన సంచిలోంచి ఇంకొకటి తీసి పెట్టారు. అదీ తొంభై ఏడే చూపించింది.

"కొండ మీద గాలి పీడనం తక్కువ. నీళ్ళు ముందే మరుగుతాయి. మీ పుస్తకంలో ఏముందో చదవండి."

మాస్టారు పుస్తకం తెరిచారు. 'సాధారణ వాతావరణ పీడనం వద్ద' అన్న తర్వాతే వంద అని ఉంది. పదకొండేళ్ళుగా ఆయన ఆ మాటలను పిల్లలతో వల్లె వేయిస్తూనే ఉన్నారు.

ఇందుమతి దేవకిని అడిగారు. "నీకు ఎంత కనిపించిందమ్మా?"

"తొంభై ఏడు మేడమ్."

"మరి వంద అని ఎందుకు రాశావు?"

"ఇదివరకు తొంభై ఏడు రాస్తే కొట్టేశారు మేడమ్," అంది దేవకి. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, అడిగారు కాబట్టి చెప్పింది. "కనిపించింది వేరు, రాయాల్సింది వేరు అనుకున్నాను."

ఇందుమతి పాత రికార్డు తెప్పించి ఆ ఎర్ర గీత చూశారు. "ఇక్కడ వాన కొలత పెడితే పిల్లలు దాన్ని చూడరు మాస్టారూ, మీ ముఖం చూసి రాస్తారు," అన్నారు. పరికరాలు మళ్ళీ జీపెక్కాయి. కేంద్రం పక్క కొండ మీది బడికి వెళ్ళింది. ఆ ఏడాది కూడా మబ్బుకోన మిరియాలు వానకు తడిశాయి. దేవకి వాళ్ళవీ తడిశాయి.

మాస్టారికి చాలా సిగ్గేసింది. జీపు వెళ్ళిన మర్నాడే తరగతి అందరి ముందు దేవకి రికార్డు తెరిచి, కొట్టేసిన పేజీ కింద, 'ఇది సరైనది. చూడకుండా కొట్టేసింది నేను,' అని రాసి సంతకం పెట్టారు. తర్వాత నల్లబల్ల తుడిచేసి, బీరువా తాళంచెవి దేవకి చేతిలో పెట్టి, "ముందు చూడండి. తర్వాతే రాద్దాం," అన్నారు. పిల్లలు బీకరు చుట్టూ చేరారు. ఎంత కనిపిస్తోందని మాస్టారు అడిగితే, థర్మామీటరు మీది కళ్ళన్నీ పైకి లేచాయి. అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు.

నీతి: పిల్లలు కళ్ళారా చూసి చెప్పిన నిజాన్ని ఒక్కసారి కొట్టేస్తే, ఆ తర్వాత నిజం కళ్ళెదుటే ఉన్నా వాళ్ళు చెప్పరు.