రేపు సిద్ధంగా ఉండు

నాంచారమ్మకి ఆరేళ్లు, నీటికోళ్లలో అది నడివయసు దాటడమే. పొద్దున్నే నీళ్లు తాగేముందు ఒక కాలు వాగులో ముంచి, అది కనిపిస్తుందో లేదో చూసుకోవడం ఆమె అలవాటు.

ఆ అలవాటు తల్లి నేర్పింది. ఆ రోజుల్లో సన్నవాగులో కాలేమిటి, కాలికింద ఇసుకలో పాకే నత్త మీసం కూడా కనిపించేది. తల్లి ఎక్కడినుంచో ఒక గురివింద గింజ ముక్కున కరుచుకొచ్చి మడుగులో జారవిడిచేది. అది ఎర్రగా మెరుస్తూ అడుక్కి దిగుతుంటే పిల్లలంతా ఒడ్డున కూర్చుని చూసేవాళ్లు. ఎవరు ముందు మునిగి పైకి తెస్తే వాళ్లకి ఆ పూట లావుపాటి పురుగు. నాంచారమ్మ ఒక్కసారీ గెలవలేదు. అన్నలు తోసేసేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఓటమి కూడా తియ్యగానే ఉంటుంది. ఓడిపోయి ఒడ్డున ఏడుస్తూ కూర్చున్నా, గింజ మాత్రం కనిపించేది కదా.

ఇప్పుడు కాలు ముంచితే చీలమండ దగ్గరే మాయమవుతోంది.

ఎందుకో అడవంతటికీ తెలుసు. ఎగువన ఎలుగుబంటి భద్రయ్య సారా బట్టీ పెట్టాడు. ఎండబెట్టి దాచిన ఇప్పపూలు కుండల్లో పులియబెట్టి, సారా దించుకుని, మిగిలిన మడ్డి వాగులోకి వదిలేస్తాడు. నీళ్లు కుడితి రంగుకొచ్చాయి. పోయినేడు నాంచారమ్మ పిల్లలు మొదటిసారి ఈతకి దిగి, ఈకలు జిగురు పట్టి, ఒడ్డెక్కలేకపోయాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ ముక్కుతో బయటికి లాగింది. ఒక్కటీ బతకలేదు. ఈసారి మళ్లీ జమ్ములో గుడ్లు పెట్టింది. అవి పిగిలేలోపు నీళ్లు తేటపడాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

వాగుని కాపాడటానికి ఎవరూ లేరా అంటే, వాగు రక్షణ బోర్డు ఉంది. నక్క శేషాచలం అధ్యక్షుడు. కొంగ పరమేశం నిపుణుడు. ఆయన ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నాడని అందరూ గౌరవంగా అనుకోవాలి. ఎద్దు బసవయ్య సభ్యుడు. ఏ తీర్మానానికైనా "అలాగే" అని మళ్లీ నెమరులో పడతాడు. ఒక సభ్యురాలు ఉండి తీరాలని నియమం ఉంది కాబట్టి నాంచారమ్మ కూడా ఉంది. ఆ నియమమే లేకపోతే బోర్డు కూర్చునే ఏనుగుబండ మీద ఆమె ఈక కూడా వాలనిచ్చేవాళ్లు కాదు.

బోర్డు మొదట్లో ఇలా ఉండేది కాదు. దాన్ని పెట్టింది గేదె పైడమ్మ. ఆవిడ హయాంలో బండలూ ఆసనాలూ లేవు, మోకాలిలోతు నీళ్లలో నిలబడే సమావేశం. తనిఖీకి వెళ్లాలనిపిస్తే తోక ఒకసారి విదిలించి నడక మొదలెట్టేది. ఎవరికీ చెప్పేది కాదు. కోడలు వాకిలి ఊడవకముందే గుమ్మంలో దిగబడ్డ అత్తగారిలా తెల్లారేసరికి ఎగువన ప్రత్యక్షమయ్యేది. చిన్నప్పుడు నాంచారమ్మ ఆవిడ వీపు మీద కూర్చుని ఒకసారి వెళ్లింది. ఎండకి వెచ్చబడ్డ ఆ నల్లటి వీపు, కింద గలగలమనే నీళ్లు, "గట్టిగా పట్టుకోవే పిల్లా, జారితే నవ్వుతా" అన్న ఆ బొంగురు గొంతు ఇప్పటికీ ఒంటికి గుర్తే. పైడమ్మ పోయాక మగ పెద్దలంతా ఆవిణ్ణి "మహాతల్లి" అని పొగిడారు. పొగడటం అయ్యాక సమావేశాన్ని నీళ్లలోంచి బండ మీదికి మార్చేశారు.

ఆ బండ మీదే ఒకరోజు నాంచారమ్మ నిలదీసింది.

"అన్నగారూ, నీళ్లు చూశారా?"

"చూస్తూనే ఉన్నాం చెల్లెమ్మా," అన్నాడు శేషాచలం మీసం దువ్వుకుంటూ. "నీళ్లెక్కడికి పోతాయి?"

"దిగువకి. మా ఇళ్లకి."

పరమేశం ఒక కన్ను తెరిచాడు. "తొందరపడకూడదు. రంగు మడ్డివల్లే మారిందని రుజువేదీ? ఆకులు రాలినా మారుతుంది, చేపలు చచ్చినా మారుతుంది."

"చేపలెందుకు చస్తున్నాయి?"

"రంగు మారడంవల్ల కావచ్చు."

తేలివచ్చిన చేపని ఏరుకోవడం ఎంత సుళువో పరమేశానికి ఈ మధ్యే తెలిసింది. అందుకే మెడకింద కాస్త కండ పట్టింది.

"బసవయ్య బాబాయ్, నువ్వైనా చెప్పు."

"అలాగే," అన్నాడు బసవయ్య.

"ఏది అలాగే?"

బసవయ్యకి ఆ ప్రశ్న కొత్త. నెమరు ఆపి కాసేపు ఆలోచించి, మళ్లీ నెమరులో పడ్డాడు.

"సరే, చెల్లెమ్మ ముచ్చట ఎందుకు కాదనాలి? తనిఖీ చేద్దాం," అన్నాడు శేషాచలం. "అయితే ముందు భద్రయ్యకి కబురు వెళ్లాలి. చెప్పాపెట్టకుండా ఒకరి వాకిట్లోకి పోవడం మర్యాద కాదు. ఇదివరకు కబురు మోసే పాలపిట్ట ఎగువ గాలికి తల తిరుగుతోందని మానేసింది. ఇకనుంచి ఆ పని నీదే."

"నేను సభ్యురాల్ని. కబుర్లు మొయ్యడానికి రాలేదు."

"ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య కదమ్మా, ఇక్కడి మాట అక్కడ వెయ్యడం!"

శేషాచలం నవ్వాడు. పరమేశం ఒంటికాలు తూలేలా నవ్వాడు. నవ్వు ఆగాక శేషాచలం గొంతు తగ్గించాడు. "ఎక్కువ మాట్లాడొద్దు. ‘రేపు సిద్ధంగా ఉండు’ అను, వచ్చెయ్. ఇంకోమాట, భద్రయ్య నా గుమ్మం తొక్కకూడదు. నేనూ ఊరికే వాడి దగ్గరికి పోను. నలుగురూ చూస్తే బాగుండదు. ఏదున్నా నీ ద్వారానే."

నాంచారమ్మ ఒళ్లు మండింది. కానీ గుడ్లు గుర్తొచ్చి, ముక్కు మూసుకుని ఎగువకి ఎగిరింది.

"రేపు సిద్ధంగా ఉండు," అంది.

"అమ్మో, రేపే!" అన్నాడు భద్రయ్య. ఇక చూడాలి ఆ హడావుడి. వాగులోకి పోయే కాలవకి మట్టికట్ట వేశాడు. మడ్డి అంతా కుండలకెత్తి, వీపున మోసుకెళ్లి, గుట్ట అవతల గోతిలో పోశాడు. ఒడ్డున కొత్త ఇసక చల్లాడు. ఎక్కడివో నాలుగు కలువపూలు తెచ్చి నీళ్లమీద తేల్చాడు కూడా.

మర్నాడు బోర్డు వచ్చి, పూలు చూసి మురిసి, పాత సారా రుచి చూసి, ఇంకా మురిసి వెళ్లిపోయింది. "ఇంత శుభ్రమైన బట్టీ నా సర్వీసులో చూళ్లేదు," అన్నాడు పరమేశం. ఒక నిండు కుండ అధ్యక్షుల వారి గుహకి వాళ్లకంటే ముందే చేరింది.

ఆ సాయంత్రం నాంచారమ్మ దిగులుగా ఇంటికొచ్చి అలవాటుకొద్దీ కాలు ముంచింది. ఉలిక్కిపడింది. వేళ్లు కనిపిస్తున్నాయి! మధ్యవేలు మీద చిన్నప్పుడు పీత కరిచిన మచ్చతో సహా. ఆ మచ్చ చూసి ఎన్నాళ్లయిందో. చాలాసేపు కాలు తియ్యకుండా అలాగే నిలబడిపోయింది.

తెల్లారేసరికి భద్రయ్య మట్టికట్ట తెంచాడు. నీళ్లు మళ్లీ కుడితి రంగే.

గుడ్ల మీద కూర్చుని నాంచారమ్మ ఆలోచించింది. బోర్డు వచ్చినందువల్ల నీళ్లు బాగుపడలేదు, భద్రయ్య సిద్ధంగా ఉన్నందువల్ల బాగుపడ్డాయి. అయితే వాడు రోజూ సిద్ధంగా ఉంటే పోలేదా?

మొగుణ్ణి పిలిచి గుడ్ల మీద కూర్చోబెట్టింది. "నేనా? నాకు రాదే," అన్నాడతను.

"నాకూ పుట్టుకతో రాలేదు. కూర్చో," అనేసి ఎగువకి ఎగిరింది.

"రేపు సిద్ధంగా ఉండు," అంది భద్రయ్యతో.

"మళ్లీనా? మొన్ననేగా వచ్చి మెచ్చుకున్నారు!"

"పెద్దవాళ్లయ్యా. వాళ్ల మనసులో మాట నాకు చెప్తారా? కబురు మోసేదాన్ని, మోసుకొచ్చాను."

భద్రయ్య గొణుక్కుంటూ కట్ట వేశాడు, కుండలు మోశాడు. మర్నాడు ఎవరూ రాలేదు. సాయంత్రం మాత్రం నాంచారమ్మ వచ్చింది.

"రేపు సిద్ధంగా ఉండు."

"ఇవాళ రాలేదేం?"

"రేపు సిద్ధంగా ఉండు."

ఆ తర్వాత రోజూ అదే మాట. మబ్బు పట్టినా, గాలి లేచినా, పొద్దువాలేసరికి కొమ్మ మీద ఆ ఎర్రముక్కు కనిపించేది. ఒకరోజు మానేస్తే ఆ రోజే వచ్చి పడతారేమోనని భద్రయ్యకి భయం. గుట్ట ఎక్కీ దిగీ వీపు మీద బొచ్చు రాలింది. మడ్డి మోయడానికే పొద్దు సరిపోతోంటే సారా దించే తీరికేదీ?

"కోడమ్మా, నీకు దణ్ణం పెడతా," అన్నాడు ఒకనాడు నడుం పట్టుకుని. "నా బాధ అధ్యక్షుల వారికి చెప్పు తల్లీ."

"నిన్ను తల్చుకోకుండా ఆయనకి మాత్రం పొద్దు పోతుందా?" అంది నాంచారమ్మ. అందులో అబద్ధం లేదు. గుహలో కుండ ఖాళీ అయిన దగ్గర్నుంచి శేషాచలం అచ్చంగా భద్రయ్యనే తల్చుకుంటున్నాడు.

"భద్రయ్య ఏమంటున్నాడు చెల్లెమ్మా?" అని ఆరా తీశాడు కూడా.

"మిమ్మల్నే తల్చుకుంటున్నాడు అన్నగారూ."

ఇలా ఉండగా వాగు పండగ వచ్చింది. ఏడాదికొకసారి అడవిలో నీళ్లు తాగే ప్రతి జీవీ రేవు దగ్గర కూడుతుంది, ఎవరికున్న గోడు వాళ్లు బోర్డు ముందు చెప్పుకుంటారు. అది పైడమ్మ పెట్టిన ఆనవాయితీ. శేషాచలం దాన్ని ఎత్తెయ్యబోయాడు గానీ, ఏనుగులు వద్దన్నాయి. జింకలూ కుందేళ్లూ అడవిపందులూ నిండిపోయాయి. శేషాచలం గొంతు సవరించుకునేలోపే భద్రయ్య కుంటుకుంటూ ముందుకొచ్చాడు.

"ఇదేం న్యాయం? రోజూ తనిఖీ అని కబురు పంపడం, రాకుండా ఎగ్గొట్టడం! వస్తే రండి, లేకపోతే కబురు మానండి. మోసి మోసి చచ్చిపోతున్నా!"

ఒక ముసలి జింక మెల్లిగా అడిగింది. "తనిఖీకొచ్చేముందు కబురు పంపుతారా, ఏం?"

శేషాచలం చెవులు వెనక్కి పడ్డాయి. అవునంటే ఇన్నేళ్ల తనిఖీలన్నీ నాటకమని ఒప్పుకున్నట్టే. ఏనుగులు తొండాలు దించి ఆయన్నే చూస్తున్నాయి.

"కబురా? ఛఛ! ఎవరన్నారు? మా తనిఖీ ఎప్పుడైనా చెప్పాపెట్టకుండానే. భద్రయ్య సరుకు భద్రయ్యే ఎక్కువ తాగినట్టున్నాడు!"

నవ్వులు లేచాయి. ఆ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా ఉండి, నాంచారమ్మ లేచింది.

"అధ్యక్షుల వారు బంగారంలాంటి మాటన్నారు. ఆయన నోట వచ్చిందే తీర్మానం చేద్దాం. ఇకమీదట ఎగువకి కబురన్నది వెళ్లదు. మేం ఏ రోజు, ఏ పూట వస్తామో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మడ్డి వాగులో కనిపిస్తే బట్టీ పగలగొట్టే పని ఏనుగులది. ఏమంటారు అన్నగారూ?"

శేషాచలం తన మాటనే తను ఎలా కాదంటాడు? పరమేశం వైపు చూశాడు. పరమేశం రెండు కళ్లూ మూసేసుకున్నాడు.

బసవయ్య నెమరు ఆపాడు. ముసలి కళ్లలో ఎక్కడిదో పాత వెలుతురు. "పైడమ్మ కూడా చెప్పేది కాదు," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ వినలేదు. తర్వాత నాంచారమ్మ వైపు తిరిగి, స్పష్టంగా, "అలాగే," అన్నాడు.

భద్రయ్య మాత్రం ఇంకా తేరుకోలేదు. "అంటే, రేపు వస్తారా, రారా?"

"సిద్ధంగా ఉండు," అంది నాంచారమ్మ. ఈసారి "రేపు" అనలేదు.

గుడ్లు పిగిలేసరికి వాగు తేటపడింది. పైడమ్మనాటి తేట కాదు. నత్త మీసం ఇంకా కనిపించదు. అయినా నాంచారమ్మ ఒక గురివింద గింజ వెతికి తెచ్చి మడుగులో వదిలింది. ఎర్రటి చుక్క ఊగుతూ, ఊగుతూ అడుక్కి దిగింది. అమ్మ ముక్కున ఇది ఎంత బరువుగా ఉండేదో, ఇన్నేళ్లకి తెలిసింది. పిల్లల్లో మగవాళ్లు ముందుకు తోసుకొచ్చారు.

"ఎవర్రా తోసేది? వెనక్కి!" అని కసిరింది. అందరికంటే చిన్నది, ఆడపిల్ల, బుడుంగున మునిగింది.

ఆడదానికి పనికిమాలిన పని అప్పజెప్పి నవ్వేవాళ్లు, తాము ఆమె చేతికిచ్చిన పగ్గం రెండో కొస ఎవరి మెడకుందో ముందు చూసుకోవాలి.

మరుసటేడు నాంచారమ్మ అధ్యక్ష పదవికి నిలబడి శేషాచలాన్ని ఓడించింది, సమావేశాన్ని మళ్లీ నీళ్లలోకి దించింది, పరమేశాన్ని బోర్డులోంచి తీసేసింది.